క్రీడాకారుల కోట్ల జీతాలు, కంపెనీ అధిపతుల పారితోషికాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా సూటిగా చెప్పండి: క్రీడాకారులకు అంత జీతం న్యాయమేనా?

కంపెనీ అధిపతుల పారితోషికాలతో పోల్చి చూస్తే న్యాయమేనని నా అభిప్రాయం. ఆటగాడు మహానుభావుడనో, సీఈఓ పనికిమాలినవాడనో నేను ఈ మాట అనడం లేదు. ఆటగాడి జీతం ఖరారయ్యేటప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చునేది జట్టు యజమాని లేదా ఆయన మనిషి. ఒక్క డాలరు ఎక్కువ ఇచ్చినా అది యజమాని సొమ్ములోంచే పోతుంది కనుక గట్టిగా బేరమాడతారు. సీఈఓ పారితోషికాన్ని ఖరారు చేసే డైరెక్టర్లు ఖర్చుపెట్టేది తమ డబ్బు కాదు, వాటాదారుల డబ్బు. ఈ తేడా చాలా పెద్దది. అంకె ఎంత పెద్దదన్న దానికన్నా, అది ఏ బేరంలోంచి వచ్చిందన్న దాన్ని బట్టే న్యాయాన్యాయాలు తేల్చాలి. అలాగని ఆటల్లో అంతా సవ్యంగా ఉందని చెప్పలేం. పైవరుసలోని కొద్దిమంది సంగతి వేరు, కింది మెట్ల మీది వేలమంది సంగతి వేరు. దాని గురించి కింద వివరంగా ఉంది.

ఆట ఆడినందుకు ఇన్ని కోట్లా? అసలు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్ద లీగుల్లో ఎక్కువ భాగం ప్రసార హక్కుల నుంచి వస్తుంది. టికెట్లు, స్పాన్సర్లు, జెర్సీల అమ్మకాలు ఆ తర్వాతి స్థానంలో ఉంటాయి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2021లో కుదుర్చుకున్న ప్రసార ఒప్పందాల విలువ 11 ఏళ్లకు దాదాపు 11,000 కోట్ల డాలర్లు. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2024లో కుదుర్చుకున్న ఒప్పందాల విలువ 11 ఏళ్లకు దాదాపు 7,600 కోట్ల డాలర్లు. ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ లీగ్ 2025లో మొదలైన నాలుగు సీజన్లకు గాను స్వదేశీ ప్రసార హక్కులనే 670 కోట్ల పౌండ్లకు అమ్మింది. ఆటగాడి జీతం గురించి మాట మొదలయ్యేసరికే ఈ డబ్బుకు ఒప్పందాలు కుదిరిపోయి ఉంటాయి. ఆటకు ఇంత డబ్బు రావాలా వద్దా అన్నది ప్రేక్షకులు తమ సమయంతోనూ చందాలతోనూ ఎప్పుడో తేల్చేశారు. వచ్చినదాన్ని ఎవరెవరు ఎంతెంత పంచుకోవాలన్నదే మిగిలిన తగవు. ఎన్‌బీఏలో బాస్కెట్‌బాల్ ఆదాయంలో 49 నుంచి 51 శాతం, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కనీసం 48 శాతం ఆటగాళ్లకు చెందాలని యూనియన్‌తో కుదిరిన ఒప్పందాల్లోనే రాసి ఉంది. జనం టీవీ పెట్టుకునేది ఆటగాళ్లను చూడటానికే గాని జట్టు యజమానిని చూడటానికి కాదు. అలాంటప్పుడు సగం వాటా అడగడం అత్యాశ అంటే నాకు సబబుగా తోచదు.

జీతాలు తగ్గిస్తే టికెట్ల ధరలు తగ్గుతాయి కదా?

తగ్గవు. స్టేడియం ఎంత ధరకు నిండుతుందో చూసుకుని యజమాని టికెట్ ధర పెడతాడు తప్ప జీతాల బిల్లు చూసుకుని కాదు. దీనికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను మించిన రుజువు అక్కర్లేదు. అక్కడి ఆటగాళ్లకు దశాబ్దాలపాటు స్కాలర్‌షిప్ తప్ప జీతమన్నదే లేదు. అయినా టికెట్లు చవక కాలేదు, ప్రసార హక్కులు చవక కాలేదు. మిగిలిన డబ్బు కోచ్‌ల జీతాలకూ, కళ్లు చెదిరే భవనాలకూ వెళ్లింది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ కోచో, బాస్కెట్‌బాల్ కోచో అయ్యాడు. 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల ఆదాయం పొందడానికి అనుమతి దొరికింది. విశ్వవిద్యాలయాలు తమ ఆదాయంలోంచి ఆటగాళ్లకు నేరుగా చెల్లించడానికి 2025 దాకా ఆగాల్సి వచ్చింది.

పూర్వం ఆటగాళ్లకు ఇంత జీతాలు లేవు కదా? అప్పట్లో ఆట మీద ప్రేమతో ఆడేవారంటారు?

ప్రేమ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అప్పట్లో లేనిది యజమానిని మార్చుకునే స్వేచ్ఛ.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 1961 జనవరి దాకా ఎంతటి ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నియమం ఉండేది. స్టేడియాలు కిటకిటలాడుతున్నా ఆటగాడి జీతం మాత్రం ఆ గీత దాటేది కాదు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడిన తర్వాతే ఆ నియమం పోయింది. ఫుల్‌హామ్ క్లబ్బు ఆటగాడు జానీ హేన్స్ వారానికి 100 పౌండ్లు అందుకున్న తొలి ఆటగాడయ్యాడు. అతని ఆట ఒక్క రాత్రిలో ఐదు రెట్లు మెరుగైందా? లేదు. అంతకుముందు మిగతా 80 పౌండ్లు ఎవరి దగ్గర ఆగిపోయేవో ఆలోచిస్తే విషయం తెలిసిపోతుంది.

అమెరికా బేస్‌బాల్‌లో కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి మీద హక్కు జట్టుకే ఉండే ఏర్పాటు ఒకటి దశాబ్దాలపాటు సాగింది. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్‌ను అతని ఇష్టం అడగకుండా ఫిలడెల్ఫియాకు బదిలీ చేస్తే, ఏడాదికి 90 వేల డాలర్లు సంపాదిస్తున్న ఆ ఆటగాడు వెళ్లనని మొండికేసి, తాను కొనుగోలు చేసి అమ్ముకునే ఆస్తిని కానని లీగ్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. అప్పటికే అతని క్రీడా జీవితం ముగిసిపోయింది. ఆ పోరాటం మాత్రం ఆగలేదు. 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి మరో ఇద్దరు ఆటగాళ్ల కేసులో ఇచ్చిన తీర్పుతో ఆ ఏర్పాటు కూలిపోయింది. ఆ ఏడాది సుమారు 45 వేల డాలర్లున్న సగటు జీతం 1980 నాటికి లక్షా నలభై వేలు దాటింది. యూరప్ ఫుట్‌బాల్‌లో ఇదే పని 1995 డిసెంబరులో చేసింది ఐరోపా న్యాయస్థానం. జాన్ మార్క్ బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడి కేసులో, కాంట్రాక్టు ముగిసిన ఆటగాడిని ఐరోపా సమాఖ్యలోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లనివ్వడానికి పాత క్లబ్బు డబ్బు అడగకూడదని తేల్చింది.

ఈనాటి కోట్ల జీతాలను తిట్టే ముందు ఈ చరిత్ర తెలిసి ఉండటం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఈ జీతాలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఫ్లడ్ లాంటివాళ్లు తమ బతుకులను పణంగా పెడితే, ఆ ఫలం వాళ్ల తర్వాతివాళ్లకు దక్కింది.

అంకెల్లో చూస్తే ఎవరు ఎక్కువ సంపాదిస్తున్నారు?

అందరి నోళ్లలో నానేవి శిఖరాగ్రాన ఉన్న కాంట్రాక్టులు. 2024 డిసెంబరులో న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టు హువాన్ సోటోతో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అయితే అదే లీగులో సగటు జీతం ఏడాదికి సుమారు 50 లక్షల డాలర్లు. అమెరికాలోని 350 అతిపెద్ద కంపెనీల సీఈఓలు 2023లో అందుకున్న సగటు మొత్తం, ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం, దాదాపు 2.2 కోట్ల డాలర్లు. అంటే బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయికి చేరుకున్న సగటు ఆటగాడి జీతం పెద్ద కంపెనీ సీఈఓ పారితోషికంలో నాలుగో వంతు కూడా ఉండదు. అదే సంస్థ లెక్కలో ఇలాంటి కంపెనీల సీఈఓలు 1965లో సాధారణ ఉద్యోగి కంటే 21 రెట్లు సంపాదిస్తే, 2023లో 290 రెట్లు సంపాదించారు.

శిఖరాన్ని శిఖరంతోనే పోల్చాలంటే టెస్లా 2018లో ఎలాన్ మస్క్‌కు ఇచ్చిన షేర్ల ప్యాకేజీని చూడాలి. కోర్టులో వివాదం నడిచే నాటికి దాని విలువను దాదాపు 5,600 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఒక్కొక్కటి జీతాలకు ఖర్చుపెట్టగల పరిమితి 25.54 కోట్ల డాలర్లు. 32 జట్లకూ కలిపి 820 కోట్లకు లోపే. ఒక లీగు మొత్తానికి ఆరేళ్లకు పైగా సరిపడే జీతాలు ఒక్క మనిషి ప్యాకేజీలో ఇమిడిపోయాయన్నమాట. న్యాయంగా చెప్పాలంటే, నిర్దేశించిన లక్ష్యాలు చేరకపోతే మస్క్‌కు ఆ ప్యాకేజీ కింద ఏమీ వచ్చేది కాదు, ఆ లక్ష్యాలను కంపెనీ చేరుకుంది కూడా. అయినా ఆ ప్యాకేజీని ఆమోదించిన బోర్డు ఆయన ప్రభావం నుంచి స్వతంత్రంగా లేదంటూ డెలావేర్ న్యాయమూర్తి 2024 జనవరిలో దాన్ని రద్దు చేశారు. 2025 డిసెంబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది.

సీఈఓ పారితోషికాన్ని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

బోర్డులో నలుగురైదుగురు డైరెక్టర్లతో పారితోషిక కమిటీ ఒకటి ఉంటుంది. కమిటీ ఒక సలహా సంస్థను పెట్టుకుంటుంది. ఆ సంస్థ ఇంచుమించు అదే స్థాయి కంపెనీలను పదిహేనో ఇరవయ్యో ఏరి, వాటి సీఈఓలకు ఎంత ముడుతోందో పట్టిక వేసి తెస్తుంది. పట్టికలో సరిగ్గా మధ్యలో ఉన్న అంకెను గీటురాయిగా తీసుకుంటారు. ఇక్కడే ఉంది చిక్కంతా. మన సీఈఓ మధ్యస్థం కన్నా తక్కువవాడని ఒప్పుకోవడం ఏ బోర్డుకూ ఇష్టం ఉండదు. అలా ఒప్పుకుంటే అతన్ని ఎందుకు నియమించారన్న ప్రశ్న తమ మీదికే వస్తుంది. అందుకని మధ్యస్థానికి సమానంగానో, కొంచెం పైననో ఇస్తారు. పట్టికలోని మిగతా కంపెనీలూ అదే పని చేస్తాయి. మరుసటి ఏడాది కొత్త పట్టిక వచ్చేసరికి మధ్య అంకె పైకి జరిగి ఉంటుంది. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ నియమం తప్పలేదు, అయినా మొత్తం ఏటికేడాది పెరుగుతూ పోతుంది. ఆ డైరెక్టర్లలో కొందరు తామే వేరే కంపెనీల్లో సీఈఓలుగానో, మాజీ సీఈఓలుగానో ఉంటారు. వాళ్లను బోర్డులోకి తీసుకునే విషయంలో సీఈఓ మాటకు విలువ ఉంటుంది.

ఆటగాడి పక్కన కూర్చునే ఏజెంటు కూడా ఇలాంటి పట్టికే పట్టుకుని వస్తాడు. ఎదుటివాడు మాత్రం తలూపి ఊరుకోడు. జట్టు విశ్లేషకులు ప్రతి బంతినీ, ప్రతి పరుగునూ, ప్రతి మోకాలి స్కానింగునూ లెక్కవేసి, అతని వయసు ముప్పై దాటుతోందనీ, వేగం తగ్గుతోందనీ వాదిస్తారు. బేస్‌బాల్‌లో కొన్నేళ్ల అనుభవం ఉన్న ఆటగాళ్ల వివాదాలు మధ్యవర్తుల ముందుకు వెళ్తాయి. ఆటగాడు ఒక అంకె, జట్టు ఒక అంకె రాసిస్తే, మధ్యవర్తులు రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి తప్ప నడిమధ్యకు తేల్చకూడదు. ఆ గదిలో ఆటగాడు కూర్చుని ఉండగానే అతని లోపాలను అతని సొంత జట్టే వరసపెట్టి చదువుతుంది. ఏ సీఈఓ అయినా ఇలాంటి విచారణకు ఏటా కూర్చుంటే వాళ్ల పారితోషికాల మీద నాకున్న అభ్యంతరం చాలావరకు తగ్గిపోయేది.

సీఈఓ నిర్ణయం మీద వేలమంది ఉద్యోగాలు ఆధారపడి ఉంటాయి. ఆ బాధ్యతకు విలువ లేదా?

తప్పకుండా ఉంది, సీఈఓల పక్షాన ఉన్న బలమైన వాదం ఇదే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. జేవియర్ గబే, ఒగుస్తాన్ లాండియే అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక లెక్క చూపించారు. అమెరికాలో 1980 నుంచి 2003 మధ్య సీఈఓ పారితోషికం ఆరు రెట్లు పెరిగితే, అదే కాలంలో పెద్ద కంపెనీల మార్కెట్ విలువ కూడా ఆరు రెట్లు పెరిగింది. లక్ష కోట్ల కంపెనీలో ఒక శాతం మెరుగైన నిర్ణయం వెయ్యి కోట్లతో సమానం కనుక, కాస్త మెరుగైన మనిషికి చాలా ఎక్కువ ఇవ్వడం కంపెనీకి లాభమేనని వాళ్ల వాదన. స్టార్ ఆటగాళ్ల విషయంలో మనం చెప్పే తర్కమూ ఇంచుమించు ఇదే.

అయితే ఆ ఒక శాతం నిజంగా ఆయన వల్లే వచ్చిందా? మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ 2001లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్ననే పట్టుకుంది. చమురు కంపెనీల సీఈఓలకు ప్రపంచ మార్కెట్‌లో ముడిచమురు ధర మీద ఏ పట్టూ ఉండదు. అయినా ధర పెరిగి లాభాలు వచ్చినప్పుడు వాళ్ల పారితోషికం పెరిగిందని ఆ పరిశోధన తేల్చింది. బోర్డులో పెద్ద వాటాదారుడు ఒకరు కూర్చున్న కంపెనీల్లో ఇలా అదృష్టానికి బహుమతి ఇవ్వడం తక్కువగా ఉందని కూడా తేలింది. సొంత డబ్బు ఉన్న మనిషి బల్ల దగ్గర ఉంటే బేరం మారిపోతుందన్న మాటకు నాకు తెలిసిన మంచి ఆధారం ఇది. ఆటలో ఎవరి వంతు ఎంతో విడదీయడం కొంత సులభం. పరుగు తీసింది ఎవరో, క్యాచ్ వదిలింది ఎవరో కోట్లమంది చూస్తూనే ఉంటారు.

విఫలమైనప్పుడు ఎవరు నష్టపోతారు?

రాబర్ట్ నార్డెల్లీ 2007 జనవరిలో హోమ్ డిపో సంస్థ సీఈఓ పదవి నుంచి తప్పుకున్నప్పుడు ఆయన వెంట వెళ్లిన ప్యాకేజీ దాదాపు 21 కోట్ల డాలర్లు. ఆయన హయాంలో షేరు ధర కదలక వాటాదారులు విసిగిపోయి ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో గృహరుణాల పెట్టుబడుల్లో వందల కోట్ల డాలర్లు తుడిచిపెట్టుకుపోయిన మెరిల్ లించ్ అనే ఆర్థిక సంస్థ నుంచి దాని సీఈఓ స్టాన్ ఓనీల్ దాదాపు 16 కోట్ల డాలర్ల విలువైన షేర్లు, ప్రయోజనాలతో బయటికి వెళ్లారు. ఇచ్చినదాన్ని వెనక్కి రాబట్టిన సందర్భాలూ లేకపోలేదు. ఖాతాదారులకు తెలియకుండా ఖాతాలు తెరిచిన వ్యవహారం బయటపడ్డాక 2016లో వెల్స్ ఫార్గో బ్యాంకు బోర్డు తన సీఈఓ జాన్ స్టంఫ్‌కు రావాల్సిన 4.1 కోట్ల డాలర్ల షేర్లను రద్దు చేసింది, మరుసటి ఏడాది మరో 2.8 కోట్లు వెనక్కి తీసుకుంది. అలాంటివి అరుదు.

ఆటగాళ్ల విషయంలో లీగును బట్టి మారుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాంట్రాక్టు మీద కనిపించే మొత్తంలో సాధారణంగా కొంత భాగానికే హామీ ఉంటుంది. ఆట తగ్గితే జట్టు మిగతాది ఎగ్గొట్టి పంపేయవచ్చు. బేస్‌బాల్‌లో, బాస్కెట్‌బాల్‌లో సాధారణంగా మొత్తానికీ హామీ ఉంటుంది కనుక అక్కడ విఫలమైన ఆటగాడూ పూర్తి జీతం తీసుకుంటాడు. బాబీ బొనీయా కథ ఇందుకు ప్రసిద్ధం. 2000లో అతన్ని వదిలించుకుంటూ, ఇవ్వాల్సిన 59 లక్షల డాలర్లను వాయిదా వేసి వడ్డీతో చెల్లిస్తానని మెట్స్ జట్టు ఒప్పుకుంది. ఆ లెక్కన 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న అతనికి దాదాపు 12 లక్షల డాలర్లు అందుతూనే ఉంటాయి. కాబట్టి ఆటగాళ్లంతా ఫలితాన్ని బట్టే జీతం తీసుకుంటారనడం అతిశయోక్తి. కాని ఆ తప్పుకు మూల్యం చెల్లించేది ఆ బేరం కుదుర్చుకున్న యజమానే తప్ప, దానితో సంబంధం లేని చిన్న వాటాదారులు కాదు.

ఆటగాళ్ల క్రీడా జీవితం చాలా చిన్నది కదా, అందుకే ఎక్కువ ఇవ్వాలా?

ఇది సరైన కారణమే గాని ప్రధాన కారణం కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగటు క్రీడా జీవితం 3.3 ఏళ్లని ఆటగాళ్ల సంఘం చెబుతుంది. ముప్పై అయిదేళ్లకే వృత్తి ముగిసి, ఆ తర్వాత మోకాళ్లతోనో, తలకు తగిలిన దెబ్బల ఫలితాలతోనో మిగతా జీవితం గడపాల్సి వచ్చేవాళ్లు ఎందరో. తలగాయాల మీద మాజీ ఆటగాళ్లు వేసిన దావాలో 2015లో కోర్టు ఆమోదించిన పరిష్కారం కింద ఎన్‌ఎఫ్‌ఎల్ చెల్లింపులు 100 కోట్ల డాలర్లు దాటాయి. సీఈఓ అరవై దాటినా పదవిలో ఉండవచ్చు, ఆపైన వేరే బోర్డుల్లో చేరవచ్చు. అయితే శరీరాన్ని అరగదీసుకునే వృత్తులు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటికి ఈ జీతాలు లేవు. కనుక ఈ కారణం ఒక్కటే చూపి కోట్లను సమర్థించలేం.

నర్సు, ఉపాధ్యాయుడు చేసే పని ఇంతకన్నా గొప్పది కాదా?

గొప్పదే. జీతం అనేది పని గొప్పతనానికి కొలమానమని ఎవరైనా అంటే అది తప్పు. ఆర్థికవేత్త షెర్విన్ రోజెన్ 1981లో దీనికి ఇచ్చిన వివరణ ఇప్పటికీ నిలబడింది. నర్సు ఒకసారికి కొద్దిమంది రోగులనే చూసుకోగలదు; ఉపాధ్యాయుడు ఒక తరగతికే చెప్పగలడు. ఆటగాడు ఆడిన అదే మ్యాచ్‌ను లక్షమంది చూసినా పది కోట్లమంది చూసినా అతని శ్రమ పెరగదు, ఆదాయం మాత్రం పెరుగుతుంది. అందుబాటులో అత్యుత్తముడు ఉన్నప్పుడు రెండో స్థానంలో ఉన్నవాణ్ని ఎవరూ చూడరు కనుక ఆ ఆదాయం కొద్దిమంది దగ్గరే పోగుపడుతుంది. నర్సుకు జీతం పెంచాలంటే ఆటగాడి జీతం కోయడం వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ డబ్బు ఆస్పత్రికి చేరదు. జట్టు యజమాని దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఆస్పత్రి దాకా చేర్చగలిగేది పన్ను ఒక్కటే.

ప్రతిభ పుట్టుకతో వచ్చేదైతే దానికి ప్రతిఫలం పొందే అర్హత ఎలా వస్తుంది?

తత్వవేత్తలు దీని మీద చాలా వాదించుకున్నారు. రాబర్ట్ నోజిక్ 1974లో బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. ప్రేక్షకులు ఇష్టపూర్వకంగా తలా పాతిక సెంట్లు అతని కోసం విడిగా వేస్తే, పది లక్షలమంది వచ్చేసరికి అతని చేతిలో రెండున్నర లక్షల డాలర్లుంటాయి. ఇందులో ఎవరికి అన్యాయం జరిగిందని అతని ప్రశ్న. జాన్ రాల్స్ మరోవైపు నుంచి చూశాడు. ఏడడుగుల ఎత్తూ, చురుకైన కండరాలూ ఎవరూ కష్టపడి సంపాదించుకున్నవి కావు. కష్టపడే గుణం సైతం కొంతవరకు పెరిగిన ఇంటిని బట్టి అబ్బుతుంది. ఈ విషయంలో రాల్స్ చెప్పిందే నిజమని నాకు అనిపిస్తుంది. కాని ఆ వాదం ఆటగాణ్ని ఎంత తాకుతుందో, మంచి కుటుంబం, మంచి విశ్వవిద్యాలయం, మంచి పరిచయాల మీదుగా పైకి వచ్చిన సీఈఓను అంతకన్నా ఎక్కువ తాకుతుంది. ఆటగాళ్లలో పేదరికం నుంచి వచ్చినవాళ్ల కోట్లు మాత్రమే జనానికి కంటగింపుగా ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

క్రీడల్లో అందరికీ ఇలాంటి జీతాలే వస్తాయా?

రావు, అసలు అన్యాయం ఇక్కడే ఉంది. బేస్‌బాల్‌లో ప్రధాన లీగు కింద ఉండే శిక్షణ లీగుల్లో అట్టడుగు స్థాయి ఆటగాడికి 2023కు ముందు ఏడాదికి 4,800 డాలర్లు, పైమెట్టు మీద ఉన్నవాడికి 17,500 డాలర్లు వచ్చేవి. ప్రధాన లీగు ఆటగాళ్ల యూనియన్ వీళ్లను చేర్చుకున్న తర్వాత కుదిరిన మొదటి ఒప్పందంతో అవి 19,800కు, 35,800కు పెరిగాయి. వీళ్లలో అత్యధికులు ప్రధాన లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఇంటికి వెళ్తారు.

మహిళల పరిస్థితి ఇంకా స్పష్టం. 2024లో అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగులోకి అడుగుపెట్టిన కెయిట్లిన్ క్లార్క్ రాకతోనే స్టేడియాలు నిండాయి, టీవీ వీక్షకుల సంఖ్య అమాంతం పెరిగింది. ఆమె మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. అంతకు ముందటి ఏడాది పురుషుల లీగులో మొదట ఎంపికైన కొత్త ఆటగాడు విక్టర్ వెంబన్యామా తొలి సీజన్ జీతం 1.2 కోట్ల డాలర్లకు పైనే. మహిళల లీగు ఆదాయం తక్కువన్నది నిజమే. కాని పురుషుల లీగులో ఆదాయంలో సగం ఆటగాళ్లదైతే, ఆనాటి మహిళల లీగు ఒప్పందంలో వాళ్ల వాటా దాని దరిదాపుల్లో లేదు.

వాటా లెక్క ఐపీఎల్‌కూ వేసి చూడవచ్చు. 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి, అంటే సీజన్‌కు సగటున 9,600 కోట్లకు పైన. 2025 సీజన్‌కు వేలంలో ఒక్కో జట్టుకు ఉన్న పరిమితి 120 కోట్లు, పది జట్లకు కలిపి 1,200 కోట్లు. కొత్తగా వచ్చిన మ్యాచ్ ఫీజులు కలిపినా ఒక్క ప్రసార ఆదాయంలోనే ఆటగాళ్ల వాటా ఐదో వంతుకు చేరదు. వేలంలో రిషభ్ పంత్ ధర 27 కోట్లు పలికినప్పుడు ఆ అంకె చూసి అందరూ నోరెళ్లబెట్టారు; పక్కనున్న పెద్ద అంకెను చూసినవాళ్లు తక్కువ.

అయితే ఆటల్లో నిజమైన స్వేచ్ఛా మార్కెట్ ఉందంటారా?

లేదు. జట్టు జీతాలకు పరిమితి, ఒక్కో ఆటగాడికి గరిష్ఠ పరిమితి, కొత్తవాడు ఏ జట్టుకు ఆడాలో లీగే నిర్ణయించడం, ఇవన్నీ ఆటగాడి ధరను తగ్గించే ఏర్పాట్లే. 1991లో దీర్ఘకాల ఒప్పందం మీద సంతకం చేసిన ఎన్‌బీఏ ఆటగాడు స్కాటీ పిపెన్ 1997–98 సీజన్ నాటికి ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడు. ఆ ఏడాది జీతంలో లీగులో అతని స్థానం 122. అదే జట్టులో మైకేల్ జోర్డాన్ 3.3 కోట్ల డాలర్లు తీసుకున్నాడు. 1980ల మధ్యలో బేస్‌బాల్ యజమానులు స్వేచ్ఛ పొందిన ఆటగాళ్లను కొనకూడదని లోపాయికారీగా కూడబలుక్కుని, చివరికి 28 కోట్ల డాలర్లు పరిహారం కట్టారు. మరోపక్క ఈ యజమానులే స్టేడియాల కోసం ప్రజాధనం తీసుకుంటారు. లాస్ వేగస్ స్టేడియానికి హోటల్ పన్ను నుంచి వెళ్లినది 75 కోట్ల డాలర్లు. ఇలాంటి ఖర్చు స్థానిక ఆర్థిక వ్యవస్థకు తిరిగి రాదన్న విషయంలో ఆర్థికవేత్తల మధ్య అరుదైన ఏకాభిప్రాయం ఉంది. ప్రజల డబ్బు గురించి కోపం తెచ్చుకోవాలంటే గురి అక్కడ పెట్టాలి.

పారితోషికాలకు చట్టం ద్వారా పరిమితి పెడితే?

అమెరికా 1993లో అలాంటి ప్రయత్నం ఒకటి చేసింది. పెద్ద అధికారుల జీతం పది లక్షల డాలర్లు దాటితే ఆ పైమొత్తాన్ని కంపెనీ పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోకూడదని చట్టం తెచ్చి, ఫలితాలతో ముడిపడిన పారితోషికానికి మినహాయింపు ఇచ్చింది. కంపెనీలు వెంటనే స్టాక్ ఆప్షన్ల వైపు, అంటే ముందే ఖరారైన ధరకు షేర్లు కొనుక్కునే హక్కుల వైపు మళ్లాయి, మొత్తం ఇంకా పెరిగింది. ఆ మినహాయింపును 2017లో తీసేశారు. అంకె మీద పరిమితి పెట్టడం కన్నా బేరాన్ని సరిచేయడం మేలని నేను అంటాను. వాటాదారుల ఓటుకు కట్టుబడే బలం ఉండాలి. అమెరికాలో 2011 నుంచి ఓటు ఉన్నా అది సలహా మాత్రమే, అయినా కొంత పనిచేస్తోంది. యాపిల్ వాటాదారుల్లో అసంతృప్తి కనిపించాక, 2022లో 9.9 కోట్ల డాలర్లు పొందిన టిమ్ కుక్ తన మరుసటి ఏడాది లక్ష్యాన్ని 4.9 కోట్లకు తగ్గించడానికి తానే సిద్ధపడ్డారు. ఆటగాళ్లు, అధికారులు ఇద్దరికీ ఒకే రకంగా వర్తించే ఆదాయపు పన్ను పెంచాలన్న వాదనతో నాకు పేచీ లేదు.

వార్తల్లో వచ్చే అంకెను ఎలా చదవాలి?

కాంట్రాక్టు పూర్తి మొత్తానికీ, ఏటా చేతికి వచ్చేదానికీ తేడా చూడాలి. బేస్‌బాల్ ఆటగాడు షోహే ఒహ్తానీకి 2023 డిసెంబరులో డాడ్జర్స్ జట్టు ఇచ్చినది పదేళ్లకు 70 కోట్ల డాలర్లని అంతటా రాశారు. అందులో 68 కోట్లు వాయిదా పడ్డాయి. ఆడే పదేళ్లూ ఏటా 20 లక్షలు, ఆ తర్వాత 2034 నుంచి 2043 దాకా ఏటా 6.8 కోట్లు వడ్డీ లేకుండా ఇస్తారు. అందుకే లీగు తన లెక్కల్లో ఈ కాంట్రాక్టు విలువను ఏటా దాదాపు 4.6 కోట్లుగానే తీసుకుంది. ప్రకటనల ద్వారా వచ్చే ఆదాయాన్ని జీతంతో కలపకూడదు, దాన్ని చెల్లించేది జట్టు కాదు. సీఈఓల విషయంలో కూడా రెండు అంకెలు తిరుగుతుంటాయి. షేర్లు మంజూరు చేసిన రోజున వేసిన అంచనా ఒకటి, వాటిని నిజంగా సొమ్ము చేసుకున్న ఏడాదిలో వచ్చిన మొత్తం ఇంకొకటి. షేరు ధర బాగా పెరిగిన కంపెనీలో రెండోది మొదటిదానికి ఎన్నో రెట్లు ఉండవచ్చు, పడిపోయిన కంపెనీలో సున్నా కూడా కావచ్చు. ఆటగాడి ఒక సీజన్ జీతాన్ని ఇందులో ఏ అంకె పక్కన పెట్టి పోలుస్తున్నారో చెప్పని పోలికను నమ్మనక్కర్లేదు.